ఓడ నెహెమ్యా ఎగాదిగా ఆట

పోర్ట్‌బ్లెయిర్‌లోని డెలానీపూర్ క్వార్టర్లలో నెహెమ్యా ఇల్లెక్కడ అని అడిగితే కొందరు బుర్ర గోక్కుంటారు. ఓడ నెహెమ్యా అంటే మాత్రం ఎవరైనా గుమ్మం దాకా వచ్చి దిగబెడతారు. ఓడ ఆయనది కాదు. మద్రాసుకీ పోర్ట్‌బ్లెయిర్‌కీ మధ్య తిరిగే ప్రయాణికుల ఓడలో, ఆఫీసర్లు భోంచేసే గదిలో, వయసులో ఉండగా కొన్నాళ్ళు ప్లేట్లు అందించాడు. ఆ కొన్నాళ్ళ కబుర్లు ఆయన నోట వింటే, ఈయన్ని సంప్రదించకుండా కెప్టెను లంగరు ఎత్తేవాడు కాదేమో అనిపిస్తుంది.

ఓడ ఎందుకు వదిలేశారంటే "ఈ దీవి నన్ను రమ్మంది" అనేవాడు. అసలు సంగతి ఆయన భార్య కృపావతికి తెలుసు. సముద్రం కాస్త ఎగిరిపడిందంటే ఆయన కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేది. వడ్డించేవాడే పళ్ళెం పక్కన పడేసి పరుగెడితే తినేవాళ్ళకు ఏం సహిస్తుంది? ఓడవాళ్ళు మర్యాదగానే ఒడ్డున దింపేశారు. స్వతంత్రం వచ్చాక దీవుల్ని జనంతో నింపుతున్న రోజులవి. వచ్చినవాడికల్లా ఏదో ఒక పని దొరికేది. నెహెమ్యాకు ప్రభుత్వ గోదాములో మేకులూ టార్పాలిన్లూ చూసుకునే ఉద్యోగం దొరికింది, దానితోపాటు క్వార్టరు దొరికింది, తెలుగు చర్చిలో పాటలు ఎత్తుకునే కృపావతి దొరికింది. పిల్లలు కలగలేదు. పుట్టి పెరిగిన కాకినాడ వైపు ఆయనకంటూ మిగిలినవాళ్ళూ లేరు. ఇక ఉన్నా పోయినా ఈ దీవిలోనే అని ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారు.

ఉద్యోగం కూడా అదొక తీరు. గోదాములో మూటలు మోసేవాళ్ళకు ఆయన నెహెమ్యా సాబ్. ఆఫీసర్లకు "అరే నెహెమ్యా". కూర్చోడానికి కుర్చీ ఇచ్చారు గానీ దానికి చేతులు లేవు. చేతులున్న కుర్చీ పైవాడిది, స్టూలు కిందివాడిది. ఈయన ఆ చేతుల్లేని కుర్చీలోనే జుట్టు నెరిసేదాకా కూర్చున్నాడు.

ఓడ నుంచి ఆయన పట్టుకొచ్చిన ఆస్తి ఒక్కటే, ఒక పేకాట. ఆఫీసర్ల గ్లాసులు నింపుతూ వాళ్ళ భుజాల మీదుగా తొంగిచూసి నేర్చుకున్నది. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుండేది. డెలానీపూర్‌లో మాత్రం అది 'ఎగాదిగా' అని స్థిరపడిపోయింది. శనివారం మధ్యాహ్నం కాగానే క్వార్టరు వరండాలో చాప పడేది, చాప మీద పేకముక్కలు పడేవి. పందెం డబ్బు కాదు, ఎండు వక్కలు. డబ్బు పెడితే కృపావతి చాపతో సహా మనుషుల్ని వీధిలోకి ఈడ్చేస్తుందని అందరికీ తెలుసు.

ఆడడానికి వచ్చేవాళ్ళలో ఎప్పుడూ తప్పనివాళ్ళు ఇద్దరు. ఒకడు బాలస్వామి, అదే చర్చికి వచ్చే వడ్రంగి, పాట పాడినా మాట్లాడినా గొంతు కింది మెట్టులోనే ఉండేది. రెండోవాడు జోగులు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన జాలరి. ఒడ్డున వెదురు తడికల గుడిసెలో ఉండేవాడు. అతను పట్టిన చేపల్ని భార్య కాళమ్మ అబర్డీన్ బజార్లో అమ్మేది. నోట్లో నాలుక లేని మనిషి. నెహెమ్యాను 'గురువుగోరూ' అని పిలిచేవాడు. ఆ ఒక్క పిలుపు కోసమే నెహెమ్యా అతన్ని చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

మొదటిరోజు ఆట చెప్పినప్పుడు నెహెమ్యా ముఖంలో పాదిరిగారి కళ వచ్చేసింది.

"తలా అయిదు ముక్కలు. నచ్చనివి ఒక్కసారి మార్చుకోవచ్చు. అంతవరకు మీకు తెలిసిన ఆటే. అసలు మజా ఇక్కడ్నుంచి. మధ్యలో పడ్డ వక్కల కుప్ప ఒక్కడికే పోదు. ఆధా ఆధా. సగం అందరికన్నా పెద్ద ముక్కలున్నవాడికి, సగం అందరికన్నా చిన్న ముక్కలున్నవాడికి."

జోగులు చాలాసేపు ఆలోచించాడు. "సిన్న ముక్కలోడికి ఎందుకండీ? ఆడు ఓడిపోనాడు కదా?"

"అదే ఇందులో ఉన్న ధర్మం. పెద్ద అంటే జతలు కుదరాలి, ఒకే అంకె మూడు పడాలి, అంకెలు వరసగా రావాలి, లేదా అయిదూ ఒకే జాతి కావాలి. ఒకే జాతి వరస కన్నా పెద్దది. చిన్న అంటే జత ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు. ఎవడి ముక్కలు ఎంత హీనమైతే వాడు అంత గొప్ప. ఆసు రెండు పక్కలా పనికొస్తుంది. ఆసు నుంచి అయిదు దాకా వరస పడితే పెద్దలో వరస కిందా చెల్లుతుంది, చిన్నలో దాన్ని మించిందీ లేదు."

"ఎవరు దేనికి ఆడుతున్నారో ఎలా తెలుస్తుంది?" అన్నాడు బాలస్వామి.

"గుప్పిట్లో. ఖాళీ గుప్పిటంటే చిన్నకి. ఒక వక్క ఉంటే పెద్దకి. రెండు వక్కలుంటే రెండూ నావే అని. అందరూ ఏక్ సాథ్ తెరవాలి. కానీ వినండి, రెండూ అన్నవాడు రెండు పక్కలా గెలవాలి. ఒక పక్క తప్పినా రెండో పక్కదీ పోతుంది. సబ్ గాయబ్."

"మరి మధ్యస్తంగా పడితేనో?"

నెహెమ్యా నవ్వాడు. "తొమ్మిదుల జత పట్టుకు కూర్చున్నవాడంత దిక్కుమాలినవాడు ఈ ఆటలో లేడయ్యా బాలస్వామీ. పెద్దల్లో చేరదామంటే చాలదు, చిన్నల్లో కలుద్దామంటే ఎక్కువైపోయె. వాడు ముక్కలు కింద పడేసి చాయ్ తాగాలి, అంతే."

ఈ మాట అన్నది సాక్షాత్తూ నెహెమ్యాయే. ఇంకెవరో ఆయనంటే గిట్టక అన్నది కాదు.

జోగులుకు పుట్టి బుద్ధెరిగాక మంచి ముక్కలు పడ్డ పాపాన పోలేదు. మామూలు పేకాటలో అతన్ని చూసి జాలిపడి పక్కన కూర్చోబెట్టేవారు. ఎగాదిగాలో మాత్రం అతనికి తిరుగు లేకుండా పోయింది. రెండూ, మూడూ, నాలుగూ, ఆరూ అంటూ ముష్టి ముక్కలన్నీ అతని చేతిలోనే వచ్చి పడేవి. ఖాళీ గుప్పిట తెరిచేవాడు, సగం కుప్ప ఒళ్ళోకి లాక్కునేవాడు. పెద్ద ముక్కలు వస్తే కంగారుపడి మార్చేసుకునేవాడు. నెహెమ్యా లక్షణం వేరు. ఆయనకు సగం గెలవడమంటే సగం ఓడిపోయినట్టే. సందు దొరికితే చాలు గుప్పిట్లో రెండు వక్కలు పెట్టేవాడు.

ఒక శనివారం ఆయనకు ఆసు నుంచి అయిదు దాకా వరసగా పడ్డాయి. మీసం తనంతట తానే పైకి లేచింది. చూసినవాడికి ఆ మీసమే చెప్పేస్తుంది గానీ ఆయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గుప్పిళ్ళు తెరిచారు. నెహెమ్యా చేతిలో రెండు వక్కలు, బాలస్వామి చేతిలో ఒకటి, జోగులు చెయ్యి ఖాళీ. ముక్కలు పరిచారు. బాలస్వామివి అయిదూ ఆటీన్లు. ఒకే జాతి ముందు వరస ఆగదు. పెద్ద సగం బాలస్వామికి పోయింది.

"సరే, చిన్న సగం నాది" అని నెహెమ్యా చెయ్యి చాచాడు. ఆయన చిన్నకు తిరుగులేదు కూడా. జోగులు చేతిలో ఎనిమిది ఉంది.

"మీరు రెండూ అన్నారు కదండీ గురువుగోరూ" అన్నాడు జోగులు, తప్పు చేసినవాడిలా తల దించుకుని. "ఒక పక్క తప్పితే రెండో పక్కదీ పోద్దని తమరే సెప్పినారు."

నెహెమ్యా ఆ పూట చాయ్ ముట్టలేదు. కృపావతి లోపల్నుంచి వింటూనే ఉంది. అందరూ వెళ్ళాక గిన్నెలు సర్దుతూ అంది. "సగం చాలనుకుంటే నలుగురిలో నవ్వులపాలయ్యేవారు కాదు కదండీ."

"సగానికి ఆడేవాడు ఆటగాడు కాదే" అన్నాడాయన.

అలా ఆటలో నడిచిపోతే కథ లేదు. ఉద్యోగ విరమణ దగ్గరపడింది. విరమణ అయితే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆ మాట గోదాములో ఎవరైనా సరదాగా అన్నా నెహెమ్యాకు గుండె జారిపోయేది. వర్షాలు ఆరు నెలలకు పైగా కురిసే ఊళ్ళో తలమీద కప్పు లేకుండా, ముసలితనంలో కృపావతిని వెంటేసుకుని ఎక్కడికి పోవాలి? రాత్రుళ్ళు ఆమె ప్రార్థన చేసుకుంటుంటే ఆయన పక్కన పడుకుని పైకప్పు రేకులకేసి చూసేవాడు. ఆ రేకులు తనవి కావు.

సరిగ్గా అప్పుడే డెలానీపూర్ అవతల కొండవాలు చదును చేసి ఇళ్ళస్థలాలు ఇస్తారని తెలిసింది. సగం స్థలాలు పెద్ద ఉద్యోగాల్లో పనిచేసి, దీవుల్లో స్థిరపడదలచిన పెద్దమనుషులకి. సగం స్థలాలు గూడు లేని నిరుపేదలకి. ఎవరు ఏ కోవలోకి వస్తారో ఇంటింటికీ వచ్చి కళ్ళారా చూసి తేలుస్తారట.

కబురు రాగానే దీవి తీరే మారిపోయింది. మొన్నటిదాకా బజార్లో ఇస్త్రీ చొక్కాతో తిరిగినవాళ్ళు చిరుగుల బట్టలు వెతుక్కున్నారు. జీతం ఎక్కువని చెప్పుకునేవాళ్ళు అప్పుల గురించి చెప్పుకోసాగారు. మరో పక్క, చాలీచాలకుండా బతుకుతున్నవాళ్ళు ఆఫీసర్ల ఇళ్ళకు కొబ్బరిబొండాలు మోసి, వాళ్ళ పక్కన నిలబడడానికి ఎగబడ్డారు. ఎగువకు పోయేవాళ్ళు ఎగువకూ, దిగువకు పోయేవాళ్ళు దిగువకూ పోగా, నడిమధ్యన చేతుల్లేని కుర్చీలో నెహెమ్యా మిగిలాడు.

పెద్దమనిషి కాడు, గోదాములో మేకులు చూసుకునేవాడు. నిరుపేద కాడు, నెల జీతం ఉంది, రేడియో ఉంది, మంచం ఉంది. తొమ్మిదుల జత అంటే ఇదేనని ఇంకెవరికైనా తోచేది. ఏదో ఒక వైపు ఎంచుకుని, ఉన్నదున్నట్టు చెప్పి, దణ్ణం పెట్టుకుంటే ఆఫీసరు కనికరించేవాడేమో కూడా. క్వార్టరు పోతే గూడు లేనివాడే కదా అని బాలస్వామి చెప్పనే చెప్పాడు. నెహెమ్యా మీసం దువ్వుకున్నాడు.

"రెండు కోవలు. ఒక్కో కోవకి ఒక్కో ఆఫీసరు వస్తాడు. దానికీ పేరిస్తాను, దీనికీ పేరిస్తాను. ఏదో ఒకటి తగలదా?" అన్నాడు కృపావతితో.

"రెండిట్లో ఏది మనం?" అంది ఆమె.

"ఆరోజు ఏది కావాలంటే అది."

పేదల కోవ తనిఖీ పొద్దున్న, పెద్దమనుషుల కోవ తనిఖీ సాయంత్రం అని చెప్పివెళ్ళారు. ఆ పొద్దున్నే మంచం, రేడియో, ఇత్తడి బిందెలు బాలస్వామి ఇంటికి తరలిపోయాయి. కృపావతి ఎంత చెప్పినా వినకుండా గోడ గడియారం కూడా దింపేశాడు. గోదాములో నూనె తుడిచే చిరుగుల బనియను వేసుకుని, కటిక నేల మీద చతికిలబడి, ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆఫీసరు వచ్చాడు. సన్నగా, కళ్ళజోడుతో, ఉత్తరాది మనిషి. ఇల్లంతా చూశాడు. "బహుత్ తక్లీఫ్ హై సాబ్" అని, చాలా కష్టాల్లో ఉన్నామని నెహెమ్యా గొంతు వణికించాడు. ఆఫీసరు గోడ మీద గడియారం తీసిన తెల్లటి గుండ్రటి మచ్చకేసి ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికల్లా సామానంతా తిరిగొచ్చింది, దానితోపాటు బాలస్వామి చెక్కిన చేతుల కుర్చీలు కూడా వచ్చాయి. పింగాణీ కప్పులు చర్చి నుంచి. కోటు ఓడనాటిది, గుండీలు పట్టలేదు గానీ ఊపిరి బిగబడితే సరిపోయింది. నెహెమ్యా కాలు మీద కాలు వేసుకుని వరండాలో కూర్చున్నాడు. మీసం పైకి లేచి ఉంది.

గేటు తీసుకుని వచ్చింది ఆ కళ్ళజోడు మనిషే. రెండు కోవలకీ ఒక్కడే ఆఫీసరు.

నెహెమ్యాకు పై ప్రాణం పైనే పోయింది. లేచి నిలబడ్డాడు, ఊపిరి వదిలేశాడు, కోటు గుండీ ఒకటి ఎగిరి పూలకుండీలో పడింది. ఆఫీసరు తీరిగ్గా కుర్చీలో కూర్చుని ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు.

"ఆప్ సుబహ్ భీ మిలే థే నా?" పొద్దున్న కలిసింది మీరే కదా అని అడిగాడు.

"వో... వో మేరా భాయీ హై సాబ్" అన్నాడు నెహెమ్యా. పొద్దున్న చూసింది మా తమ్ముణ్ణి అని.

"అచ్ఛా. భాయీ కో బులాయియే." అయితే తమ్ముణ్ణి పిలవండి, ఇద్దర్నీ కలిపి చూస్తాను అన్నాడు ఆఫీసరు, కప్పు అందుకుంటూ.

నెహెమ్యా వెనక్కి తిరిగి కృపావతికేసి చూశాడు. ఆ చూపులో ప్రాణాలన్నీ ఉన్నాయి. ఒక్క అబద్ధం, ఒకే ఒక్కటి, ఊరెళ్ళాడనో, అవతలి దీవిలో రంగత్ వెళ్ళాడనో అంటే ఈ గండం గట్టెక్కుతుంది. కృపావతి కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఈయనకి తమ్ముళ్ళెవరూ లేరు సాబ్. సుబహ్ భీ యహీ థే, పొద్దున్నా ఈయనే. మాకు ఇల్లు లేదు. భయపడి ఇలా చేశారు" అంది.

ఆఫీసరు నవ్వలేదు. అదొక్కటే ఆయన చేసిన మేలు. చాయ్ పూర్తిగా తాగాడు, కప్పు జాగ్రత్తగా కింద పెట్టాడు. ఒకే మనిషి రెండు కోవల్లో కనబడితే రెండిట్లోంచీ తీసేయాలని తనకు చెప్పి పంపారని, తన చేతిలో లేదని మర్యాదగానే చెప్పి వెళ్ళిపోయాడు. నెహెమ్యా కోటు విప్పకుండా చీకటి పడేదాకా ఆ కుర్చీలోనే ఉండిపోయాడు.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే..." అన్నాడు చివరికి.

"ఉంటే ఆ లేని తమ్ముడికి రోజూ అన్నం కూడా వండాల్సొచ్చేదండీ" అంది కృపావతి. అని ఏడ్చింది. ఆమె ఏడవడం ఆయన అంతకుముందు చర్చిలో తప్ప చూడలేదు. ఆయనకూ ఏడుపొచ్చింది. మీసం ఉన్న మనిషి కాబట్టి దగ్గు అన్నాడు.

స్థలాలు ఇచ్చారు. కొండవాలు పైన ఆఫీసర్లు మేకులు పాతుకున్నారు. మేకులిచ్చింది నెహెమ్యాయే, అది ఆయన ఉద్యోగం. కిందివైపు స్థలాల్లో ఒకటి జోగులుకు వచ్చింది. అతను ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. ఆఫీసరు వచ్చేసరికి వల బాగుచేసుకుంటున్నాడట, కూర్చోండి అని పడవ అంచు చూపించాడట, అంతే.

తర్వాత శనివారం వరండాలో చాప పరవలేదు. అయినా జోగులు వచ్చాడు. వెంట కాళమ్మ, చేతిలో ఆకులో చుట్టిన చేప. జోగులు మెట్టు మీద కూర్చుని తువ్వాలు మెలిపెట్టసాగాడు.

"ఏటి సెప్పవా? నన్నే సెప్పమంతావా?" అని కాళమ్మ మోచేత్తో పొడిచింది.

"గురువుగోరూ, ఆ స్థలం ఉంది కదండీ... మాకు అంత ఎందుకండీ. సగంలో తమరు ఇల్లేసుకోండి. ఇది కాయితం మీద మాట కాదు, నా నోటి మాట" అన్నాడు జోగులు.

నెహెమ్యా తల ఎత్తాడు. వారం రోజులుగా వేలాడుతున్న మీసం మెల్లగా కదిలింది. కొన ఊపిరితో ఉన్న గొప్ప లేచి కూర్చుంది. "శిష్యుడివిరా జోగులూ. ఆట నేర్పినందుకు గురుదక్షిణ అన్నమాట."

జోగులు ఇబ్బందిగా కదిలాడు. అబద్ధం చెప్పడం అతనికి రాదు, నిజం చెప్పడం అంతకన్నా రాదు.

"అది కాదండీ... మా రేవులో సేపలు వొడ్డుకు తెచ్చినాక వాటాలెయ్యాలి కదండీ. పడవకి ఒకటి, వలకి ఒకటి, మడిసికి ఒకటి. ఎవడైనా జబ్బుసేసి మంచాన పడి పడవెక్కనేకపోతే, ఆడికీ సగం వాటా ఎడతామండీ. ఆడింట పొయ్యి ఆరిపోకూడదు కదా. ఇదీ అలాటిదేనండీ."

"నాకు జబ్బేమీ లేదే" అన్నాడు నెహెమ్యా. అన్నాక ఆయనకే అర్థమైంది.

చిరుగుల బనియను వేసుకుని నేల మీద కూర్చుంటే ఆఫీసరు నమ్మలేదు. కోటు వేసుకున్నా నమ్మలేదు. ఏ వేషమూ లేకుండా, లుంగీలో, తన వరండాలో తాను కూర్చున్న మనిషిని చూసి జోగులు పడవెక్కలేనివాళ్ళ లెక్కలో వేసేశాడు. జాలిపడి కాదు, రేవులో ఎలా చేస్తారో అలా. నెహెమ్యాకు ఒళ్ళు మండింది, సిగ్గేసింది. మాకేం అక్కర్లేదు పోరా అనడానికి నోరు తెరిచాడు.

"తీసుకుంటాం జోగులూ" అంది కృపావతి, గుమ్మంలోంచి. కాళమ్మ చేతిలో చేప అందుకుని, ఆ చేతిని అలాగే పట్టుకుంది. "కాళమ్మా, లోపలికి రా. కూర వండుకుందాం."

"ఎల్దాం దీదీ" అంది కాళమ్మ.

విరమణ అయిన ఏడాదే ఆ కొండవాలున రెండు ఇళ్ళు పక్కపక్కన లేచాయి. తలుపులు బాలస్వామి చేసిచ్చాడు. నెహెమ్యా వరండా కాస్త పెద్దదిగా కట్టించుకున్నాడు, శనివారాలు మళ్ళీ చాప పడింది. కొత్తగా ఆటకు వచ్చినవాడెవడైనా ఈ స్థలం ఎలా వచ్చింది సాబ్ అని అడిగేవాడు. నెహెమ్యా మీసం దువ్వుకుని, జోగులు భుజం మీద చెయ్యి వేసి చెప్పేవాడు.

"వీడు నా శిష్యుడు. గురుదక్షిణగా ఇచ్చాడు."

"అవునండీ" అనేవాడు జోగులు, ముక్కలు చూసుకుంటూ. అతను నేర్చుకున్న అబద్ధం అదొక్కటే. కృపావతి ఆ మాట వచ్చినప్పుడల్లా ఏదో మాడుతోందంటూ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.